దండ తీస్తే మోగిన అలారం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను బళ్ళారి జిల్లాకు వేశారు. కాగితాల్లో నా హోదా సీనియర్ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్. జనం నోట మాత్రం మేమంతా బ్రేక్ ఇన్‌స్పెక్టర్లమే, బ్రేకులు తప్ప ఇంకేమీ చూడనట్టు. ఆ పేరంటే నాకు ఒళ్లుమంట. ఆ ఏడు ఆయుధపూజ అయిన నాలుగో రోజు పొద్దున్నే పోలీసుల నుంచి రిక్విజిషన్ వచ్చింది. కేసులో ఉన్న వాహనాన్ని పరీక్షించి సాంకేతిక నివేదిక ఇమ్మని పోలీసు అధికారి రాతపూర్వకంగా కోరడాన్నే మేం రిక్విజిషన్ అంటాం. మామూలుగా ఇవి ప్రమాదాల్లో వస్తాయి. దొంగతనం కేసులో రావడం నాకు అదే మొదటిసారి.

పోయి దొరికిన బండి మూడు చక్రాల మోటారు సైకిల్. ఆటో కాదు. ముందు సగం మామూలు మోటారు సైకిలే. వెనక చక్రం తీసేసి, ఇరుసు వేసి, రెండు చక్రాలు బిగిస్తారు. దాని యజమాని నాగరాజు దర్జీ. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి చుట్టుపక్కల ఊళ్లకు తనే తీసుకెళ్లి ఇస్తాడు. ఆ బండి లేకపోతే మనిషి గడప దాటలేడు. పూజ చేసిన మర్నాడు పొద్దున లేచి చూస్తే ఇంటి ముందు బండి లేదు. ఆ మర్నాడు పొద్దున్నే సంగనకల్లు గుట్టల దగ్గర పెట్రోలు అయిపోయి నిలబడి ఉంటే, పోలీసులు ట్రాక్టరు మీద ఎక్కించి స్టేషన్‌కు తెచ్చారు.

బండికి అలారం ఉంది. అది మోగలేదు. అనుమానమంతా అక్కడే మొదలైంది.

ఈ అలారం సంగతి కొంచెం చెప్పాలి. సీటు కింద అగ్గిపెట్టెకు రెట్టింపంత డబ్బా ఉంటుంది. దానికి ఒక సైరన్, ఒక రిమోట్, మీటరు పక్కన చిన్న ఎర్ర దీపం. డబ్బాలో అదురు పసిగట్టే సెన్సార్ ఉంటుంది. ఎవరైనా బండిని తడితే, కదిపితే అరుస్తుంది. దీనికి తోడు రిలే అని ఒకటి ఉంటుంది. అలారం వేసి ఉన్నంతసేపు అది ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్‌కు కరెంటు తెంపేస్తుంది. అందుకని తాళం విరగ్గొట్టి వైర్లు కలిపినా ఇంజను లేవదు. రెండు చక్రాల బండికైతే వాలు సెన్సార్ కూడా కలుపుతారు. సైడ్ స్టాండు మీద ఒరిగి ఉన్న బండిని నిటారుగా లేపగానే అది పట్టేస్తుంది. మూడు చక్రాల బండి ఒరగదు. ఎటు నెట్టినా సమంగానే ఉంటుంది. కాబట్టి తెలిసిన మెకానిక్ ఆ వైరు కలపడు. కొస తెంపి, టేపు చుట్టి వదిలేస్తాడు.

నాగరాజు బండికి అలారం బిగించింది దావీదు. పాత మిషన్ చర్చి వెనక చిన్న షెడ్డులో ఎలక్ట్రికల్ పని చేసుకునే మనిషి, యాభై దాటినవాడు. సబ్ ఇన్‌స్పెక్టర్ షెడ్డులో వెతికిస్తే నాగరాజు బండికున్న ఒకే ఒక్క రిమోట్ దొరికింది. సీటు కింద టేపు చుట్టిన వైరు కూడా ఆయన కంటపడింది. రిమోట్ ఉన్నవాడు, వైరు తెంపినవాడు ఒక్కడే కాబట్టి దొంగ కూడా వాడేనని తేల్చుకున్నాడు. విచారణ పేరుతో దావీదును అప్పటికే రెండు రోజులుగా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు.

నేను పదింటికి వెళ్లాను. నలభై ఏళ్లలోపు వాడైన ఆ సబ్ ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడే కానీ తొందర మనిషి. వాహనం మీద చేయి వేసే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలన్నది నా పద్ధతి. ప్రమాదానికి గురైన బండ్లలో పెట్రోలు కారుతుంటుంది, ఒక్క రవ్వ చాలు. ముప్పై ఏళ్లుగా చేతికి అలవాటైన పని. విప్పాను. తాళం స్క్రూడ్రైవరుతో పొడిచి తిప్పినట్టు ఉంది. వైర్లన్నీ చూసుకుని బ్యాటరీ తిరిగి కలిపాను. రిమోట్ నొక్కితే అలారం పడింది. సీటు మీద చరిస్తే సైరన్ మోగింది. పెట్రోలు పోయించి, తాళం వైర్లు నేరుగా కలిపి చూస్తే ఇంజను లేవలేదు. అంతా సక్రమంగా ఉంది. అదే మాట సబ్ ఇన్‌స్పెక్టర్‌తో అన్నాను. టేపు చుట్టిన వైరు తప్పు కాదని కూడా చెప్పాను గానీ ఆయన చెవిన పడింది మొదటి మాటే.

"ఇంకేం కావాల సార్. అలారం సరిగా ఉందంటే రిమోట్ ఉన్నోడే తీసినాడని. మీరు ఐదు గంటలకి రిపోర్టు ఇచ్చేయండి, నేను అరెస్టు చూపిస్తా" అన్నాడు.

ఆ మాట బెంచీ దాకా వినిపించింది. దావీదు లేచి నిలబడ్డాడు. "సార్, రిమోట్‌లో సెల్లు అయిపోయిందని నాగరాజన్నే నాకు ఇచ్చినాడు. కొత్త సెల్లు ఏసినా గానీ పూజ పనుల్లో పడి వాపసు ఇయ్యలేకపోతి. నేను ఆ బండి ముట్టిందే ల్యా సార్" అన్నాడు. నేను బండి వైపు తిరిగాను. నిందితుడితో మాట్లాడటం మా పని కాదు. పైగా నా పరీక్ష మీద నాకు నమ్మకం ఉంది.

నివేదికకు ఒకటే మిగిలింది, చాసిస్ నంబరు. హ్యాండిల్ కింది మెడ మీద ఆ నంబరు చెక్కి ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవాలి. నాలుగు రోజుల నాటి బంతిపూల దండ ఎండిపోయి, మెడకు రెండు చుట్లు చుట్టుకుని అడ్డుగా ఉంది. అలారం ఇంకా వేసే ఉందన్న సంగతి మరిచిపోయి దండ లాగాను. సైరన్ గోల పెట్టింది. సెంట్రీ పరిగెత్తుకొచ్చాడు.

రిమోట్ నొక్కి సైరన్ ఆపాను. చేతిలో దండ అలాగే ఉంది. ఎండిన దండ తీస్తేనే ఇంత అరిచిన బండికి, పూజ రోజు ఈ దండ ఎలా వేశారన్న ప్రశ్న వచ్చింది. అలారం ఆపేసే వేశారనుకుందాం. రిమోట్ దావీదు షెడ్డులో ఉండగా మరి ఎలా ఆపారు?

నాగరాజును పిలిపించమన్నాను. సబ్ ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించాడు గానీ ఆటో పంపాడు. నాగరాజు వచ్చేసరికి రెండయింది. మనిషి కోపంగా ఉన్నాడు. దావీదు వైపు తల తిప్పలేదు. సాక్షి నోట్లో మాట పెట్టకూడదు కాబట్టి, పూజ ఎట్లా చేశావో మొదటి నుంచి చెప్పప్పా అని మాత్రమే అడిగాను.

"నీళ్లు కొట్టినాం సార్. అరటి పిలకలు కట్టినాం, దండ ఏసినాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాం. రిమోట్ దావీదు దగ్గర ఉండె, ఊరికే మోగుతాండె. దావీదు బిగించినపొద్దే చెప్పినాడు, కడిగేటప్పుడు తాళం ఆన్ చేసి సీటు కింద బటన్ ఒత్తి పట్టుకుంటే ఊరుకుంటాదని. ఒత్తినా. ఊరుకునె."

మళ్లీ ఒత్తావా అన్నాను.

"ఎందుకు సార్, ఊరుకునింది గదా."

ఆ బటన్ సైరన్ గొంతు నొక్కేది కాదు. మెకానిక్‌ల కోసం పెట్టిన సర్వీస్ మోడ్ బటన్ అది. ఒకసారి ఒత్తితే అలారం మొత్తం, రిలేతో సహా, పక్కకు తప్పుకుంటుంది. మళ్లీ ఒత్తేదాకా రాదు. మరి పొద్దున నేను చూసినప్పుడు సర్వీస్ మోడ్ ఎందుకు లేదు? జవాబు తట్టింది. అది నాకు ఇష్టమైన జవాబు కాదు.

అందరి ముందూ పరీక్ష పెట్టాను. బటన్ ఒత్తి సర్వీస్ మోడ్‌లో పెట్టి, తాళం వైర్లు కలిపాను. ఇంజను ఒక్క దెబ్బకు లేచింది. ఆపేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, కాసేపు ఆగి మళ్లీ కలిపాను. సర్వీస్ మోడ్ పోయింది. రిమోట్‌తో అలారం వేసి వైర్లు కలిపితే ఇంజను లేవలేదు. ఈ డబ్బాకు జ్ఞాపకం లేదు, కరెంటు పోయి వస్తే మామూలు స్థితికి వచ్చేస్తుంది. బండి ఏ స్థితిలో దొరికిందో చెప్పగల ఒకే ఒక్క గుర్తును పొద్దున నా చేత్తో నేనే చెరిపేశాను.

ఇక మిగిలింది నాగరాజు కళ్లు. సర్వీస్ మోడ్‌లో ఎర్ర దీపం నిలకడగా వెలుగుతుంది. అలారం వేసి ఉంటే మినుకుతుంది. ఈ తేడా ఏమిటో ఆయనకు చెప్పలేదు. గోడ వైపు తిరిగి కూర్చోమని, మొదట ఒకటి, తర్వాత రెండోది పెట్టి ప్రతిసారీ ఇటు తిప్పి చూపించి, పూజనాడు పడుకునే ముందు చూసిన దీపం ఏదో చెప్పమన్నాను. దావీదు బెంచీ అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అయి ఉంటుంది.

నాగరాజు తడుముకోలేదు. "ఇదే సార్, నిలకడగా ఉండేది. దినామూ టుకుటుకు కొట్టుకుంటాండె, ఏందో లూజు ఉండాది అనుకొంటి. ఆ పొద్దు బాగా వెలుగుతాండె. పూజ చేసినాం గదా, సరైంది అని నిమ్మళంగా పండుకొంటి."

సబ్ ఇన్‌స్పెక్టర్ నన్ను చూశాడు. నేను దాని అర్థం వివరించాను. నాగరాజుకు మొదట బోధపడలేదు. బోధపడ్డాక, అంటే నేనే తలుపు తీసి పెట్టినానా సార్ అని మెల్లగా అడిగి, దావీదు వైపు తిరిగాడు. "బిగించినపొద్దు ఆ దీపం సంగతి నాకు చెప్పలేదు గదన్నా" అన్నాడు. "చెప్పల్యా నాగరాజన్నా. తెలిసే ఉంటాదనుకొంటి" అన్నాడు దావీదు. ఇద్దరూ తల వంచుకున్నారు.

అప్పటికి మూడున్నర. పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన మంచివాడే, నా మేలు కోరే మాట్లాడాడు. చూసిన పరీక్ష రాయి, చూడనిది రాయకు, బ్యాటరీ ఊసు నీకెందుకు, రెండేళ్లలో పెన్షన్ పెట్టుకుని ఫైలు మీద మచ్చ తెచ్చుకుంటావా అన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అలారం సక్రమంగా పనిచేస్తోంది అని ఒక్క వాక్యం రాస్తే అది నిజమే. దావీదు జైలుకు వెళ్లడానికి కూడా అది చాలు. నాకు భయం వేసింది. తప్పు చేశానని రాతలో ఒప్పుకోవడం సర్వీసులో నాకు అలవాటు లేని పని.

చివరికి జరిగిన వరుసలోనే రాశాను. పరీక్షకు ముందు దీపం స్థితిని నమోదు చేయలేదని, బ్యాటరీ విప్పడం వల్ల ఆ స్థితి చెరిగిపోయిందని, పొద్దున నేను నోటితో ఇచ్చిన అభిప్రాయం చెల్లదని, యజమాని గుర్తించిన దాన్ని బట్టి పూజనాటి రాత్రి అలారం, రిలే రెండూ పనిచేసే స్థితిలో లేవని, రిమోట్ లేకుండానే ఎవరైనా బండి నడపగలిగేవారని రాసి, నాలుగూ నలభైకి సంతకం పెట్టాను. సబ్ ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివాడు. తర్వాత దావీదును వెళ్లమన్నాడు. దావీదు చెప్పులు వేసుకుని, నాగరాజును ఆటో దాకా ఎత్తుకెళ్లి ఎక్కించి, తను నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన్ని పిలిచి క్షమించమని అడిగే మొహం నాకు లేకపోయింది.

అసలు దొంగ దొరకలేదు. నాకు సంజాయిషీ మెమో వచ్చింది, తర్వాత మందలింపు వచ్చింది. రెండూ న్యాయమే. పద్ధతి తెలిసినవాడికి పద్ధతే కళ్లకు గంతలు కడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత నేను పరీక్షించిన ప్రతి వాహనం ముందూ, ఏదీ తాకకుండా, గడియారం చూసుకుని ఒక నిమిషం నిలబడి, ఏ దీపం ఎలా ఉందో రాసుకున్నాకే బ్యాటరీ మీద చేయి వేశాను. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ ముందు అదే నేర్పాను. దావీదు ఆ స్టేషన్‌లో రెండు రోజులకు పైగా కూర్చున్నాడు. మొదటి రెండు రోజులు పోలీసుల అనుమానం వల్ల. చివరి ఆరు గంటలు నేను ఆ ఒక్క నిమిషం ఆగనందువల్ల.