పాస్టరమ్మ కిరాయిల్లు

పురానాపూల్ దగ్గర ఒక చిన్న చర్చి ఆఫీసుల నేను ఏడేండ్ల సంది లెక్కలు రాస్తున్న. మాది కార్వాన్. పాలు, పెరుగు అమ్ముకొని బతికే ఇల్లు. నేను చర్చిల కొలువుకు పోతా అంటే అమ్మ జర ఫికర్ చేసింది. "మన దేవుడు వేరు గదనే" అన్నది. "లెక్కలకు ఏ దేవుడైతేంది, పోనీ" అని బాపు సైకిల్ తుడుచుకుంటనే తేల్చేసిండు.

ఆఫీసంటే చర్చి గుడి పక్కన ఒక గది, ఒక కంప్యూటర్, ఒక బీరువ. జీతాలు నలుగురికే: పాస్టరుకు, వాచ్‌మన్‌కు, ఊడ్చే ఆమెకు, నాకు. పాస్టర్‌ను అందరు అయ్యగారు అంటరు, ఆయన భార్యను అమ్మగారు అంటరు. వాళ్లు గుడి ఎనక పాత బంగ్లల ఉండేటోళ్లు. ఇల్లు చర్చిదే కాబట్టి కిరాయి అనే మాట జీతం కాయితంల ఎన్నడూ లేదు.

ఒక వానకాలం, పగటిపూట, ఆ ఇంటి పైకప్పు పెచ్చు ఊడి మంచం మీద పడ్డది. సప్పుడు ఇని నేను ఉరికిన. మంచం మీద ఎవ్వరు లేరు. అమ్మగారు అప్పటికే చీపురు పట్టుకొని ఊడుస్తున్నది. "మంచి దుప్పటి, పాడైంది సూడు" అన్నది.

ఆ ఆదివారం ఆరాధన అయినంక కమిటీ కూసున్నది. బంగ్ల కూలగొట్టి కొత్తది కట్టాలె, అప్పటిదాక అయ్యగారికి జీతంతోని ఇంటి కిరాయి అలవెన్స్ ఇయ్యాలె అని రాసుకున్నరు. మా ట్రెజరర్ సార్ కంచన్‌బాగ్‌ల ఒక ఫ్యాక్టరీల పనిజేసి రిటైరైన మనిషి, అన్నీ పద్ధతిగ ఉండాలె ఆయనకు. తెల్లారి నా దగ్గరికొచ్చి, "అమ్మా, జీతంల ఇంకో లైన్ కలపాలె. ఆడిటర్ అడిగితే మనం నీళ్లు నమలొద్దు" అన్నడు.

నేనొక ఫారం తయారుజేసిన. ఇంటి ఓనర్ పేరు, అడ్రసు, కిరాయి ఎంత, నెలనెల రసీదు. రసీదు ఉంటేనే అది కిరాయి లెక్క. లేకుంటే ఉత్త జీతం కిందికే వస్తది, దాని మీద టాక్స్ పడ్తది.

అయ్యగారికి దవాఖానల్ల ప్రార్థనలు, పెండ్లిండ్లు, చావులు, తీరిక లేదు. ఫారం పట్టుకొని అమ్మగారే వచ్చింది. కుర్చీ అంచున కూసొని మెల్లగ అడిగింది:

"బిడ్డా, ఇల్లు ఎట్ల ఎతుకుతరు?"

నేను నవ్విన. ఆమె నవ్వలే.

ఇరవై ఏండ్లకు పెండ్లయిందట. పెండ్లి చీరతోనే చర్చి ఇంట్లకు పోయిందట. ఆ తర్వాత ఇంకో ఊరు, ఇంకో చర్చి, ఇంకో ఇల్లు. యాభై ఏండ్లు దాటినయి, ఇప్పటిదాక ఐదు ఇండ్లు మారింది. ఒక్కటి గూడ తను చూసి ఒప్పుకున్నది కాదు. తాళం చెవి చేతుల పెడ్తరు, లోపలికి పోవుడే.

"మీకెట్లాంటి ఇల్లు కావాలె?" అని అడిగిన. ఆమె ఫారం మడిచి, "ఆలోచించి చెప్తా" అని లేచిపోయింది.

మూడు రోజులకు వచ్చింది. నిలబడే చెప్పింది. "వంటింట్ల నిలబడితే బయట మనుషులు కనవడాలె. గంతే."

ఐదు ఇండ్లల్ల గూడ వంటింటి కిటికీ ప్రహరీ గోడకే ఉండెనట. ముందర గదులన్ని వచ్చిపోయేటోళ్లకు. ముప్పై ఏండ్లు గోడను చూసుకుంట కూర తాలింపేసిందన్నట్టు.

నా స్కూటీ మీద బయలెల్లినం. మొదటి ఇల్లు మంచిగుండె. ఓనరమ్మ, "పాస్టర్ అంటే మస్తు మంది వస్తరు, నాకా లొల్లి వద్దు" అన్నది. రెండో ఇంటి కిటికీ సరిగ్గ సందు మీదికి ఉన్నది. అమ్మగారి మొఖం ఎలిగిపోయింది. గని ఆ ఓనర్, "రసీదు గిసీదు ఇయ్య" అన్నడు. నేను ఆమె దిక్కు చూసిన. ఆమె కిటికీ చువ్వ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, "వద్దు లే బిడ్డా. రసీదు లేని ఇల్లు అయ్యగారు ఒప్పుకోరు, నాకు గూడ నచ్చదు" అన్నది. వాపస్ వస్తుంటే నేను తయారుజేసిన ఫారం మీద నాకే కోపమొచ్చింది.

ఆ రోజు ఇంట్ల చెప్తే బాపు, "మన ఎనక గల్లీల తాత ఇంటి మీది అంతస్తు ఖాళీగనే ఉంది గద" అన్నడు. తాతంటే ఎనభై ఏండ్ల మనిషి, ఒకప్పుడు ఇరవై బర్రెలు సాదినోడు. యాడాది కింద అవ్వ చచ్చిపోయింది. పిల్లలు లేరు.

అమ్మగారిని తోల్కపోయిన. తాత అరుగు మీద కూసొని ఉన్నడు.

"పాస్టరా? పాటలు పాడ్తరు గద?"

"ఆదివారం గుడిల పాడ్తం" అన్నది అమ్మగారు భయం భయంగ.

"ఇంట్ల గూడ పాడుర్రి. మా ముసల్ది పోయినకాంచి ఇంట్ల సప్పుడే లేదు."

మీదికి పోయినం. వంటిల్లు ముందరికే ఉన్నది. కిటికీ తెరిస్తే గల్లీ అంత కనవడ్తది: పాల క్యాన్ల బండ్లు, కూరగాయల తోపుడు బండి, మెట్ల మీద ముచ్చట్లు పెట్టే ఆడోళ్లు. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నేను కిందికి దిగి తాతను రసీదు అడిగిన. "ఇస్త, గని నాకు ఉర్దూల తప్ప రాయరాదు" అన్నడు. ఆయన చదువంత ఉర్దూ మీడియమే.

నెల తిరిగినంక రసీదొచ్చింది. రెవెన్యూ స్టాంప్ అంటించి ఉన్నది, కింద సంతకం, మధ్యల ముత్యాల లెక్క నాలుగు వరుసలు. నాకు ఒక్క అక్షరం అర్థం కాలే. రసీదంటే ఒక్క వరుస సాలు, నాలుగెందుకని ట్రెజరర్ సార్‌కు చూపెట్టిన. సార్ చిన్నప్పుడు ఉర్దూ చదివిండు. కండ్లద్దాలు సదురుకొని, వేలు పెట్టుకుంట చదివి చెప్పిండు:

"ఈ నెల కిరాయి నా బిడ్డ చేతి నుంచి ముట్టింది. బాకీ ఏం లేదు. ఆమె కిటికీల నిలబడి పోయేటోళ్లందర్ని తిన్నవా అని అడుగుతది. పొద్దుగాల పాట ఇంటున్న, మంచిగ నిద్ర లేస్తున్న."

సార్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "ఫైల్ చెయ్యి" అన్నడు.

అట్ల ప్రతి నెల. నేను కింద తెలుగుల రాసి ఫైల్ చేసేదాన్ని. అమ్మగారికి జ్వరమొస్తే తాత అది గూడ రాసిండు. ఆడిటర్ ఒకసారి పేజీలు తిప్పుకుంట ఆగి, "ఇదేందమ్మా?" అన్నడు. "కిరాయి రసీదు సార్" అన్న. మొత్తం చదివిండు. టిక్ పెట్టిండు.

కొత్తింటి ప్లాన్ వచ్చిన రోజు ట్రెజరర్ సార్ దాన్ని చుట్టి చంకల పెట్టుకొని సీద తాత ఇంటికే పోయిండు. అమ్మగారి ముందర పరిచి, "వంటిల్లు ఏ దిక్కు ఉండాలెనో మీరే చెప్పుర్రి" అన్నడట. ఆమె వేలు పెట్టి చూపిచ్చిందట. ఇంజనీర్ గొణిగిండు గని వంటిల్లు ముందరికే వచ్చింది.

ఇల్లు తయారయ్యే వరకు రెండేండ్లు పట్టింది. ఖాళీ జేసే రోజు సామానంత ట్రాలీ ఆటోల ఎక్కింది. అమ్మగారు తాత కాళ్లకు మొక్కబోతే ఆయన చెయ్యి పట్టి ఆపిండు. "పురానాపూలే గద, దూరమా?" అన్నడు. అన్నడు గని ఆటో కదిలినంక అరుగు మీద కూసోలే, నిలబడే ఉన్నడు.

ఆ నెల జీతాల షీట్ల కిరాయి లైన్ తీసేసిన. మనసొప్పక రెండు రోజులు ఆలస్యం జేసిన.

తర్వాతి ఆదివారం తాత ఇస్త్రీ ధోతి కట్టుకొని చర్చి గేటు కాడికొచ్చిండు. లోపలికి రావొచ్చా అని వాచ్‌మన్‌ను అడిగిండట. అమ్మగారు చూసి ఉరికొచ్చింది. ఇప్పుడు వారం వారం వస్తడు. ఆరాధనకు కూసోడు. వరండల ట్రెజరర్ సార్ పక్కన కుర్చీ ఏసుకొని, ఇద్దరు ఉర్దూల ముచ్చట పెట్టుకుంట చాయ్ తాగుతరు.