మలుపులో పైకి రాని యాక్సిలరేటర్

రెండేళ్ల క్రితం మాట. రాజోలు స్కూల్లో లెక్కల టీచర్ని, అప్పటికి నాకు యాభై రెండేళ్లు. మా నాన్నగారి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఇంజిన్ పట్టేసి ఏళ్లుగా షెడ్డులో ఉండిపోయింది. అమలాపురం మెకానిక్ సత్తిబాబు గారు ఆర్నెల్లు కష్టపడి దానికి కొత్త ఇంజిన్ బిగించారు. ఒక్కసారైనా రేస్ ట్రాక్ మీద నడపాలనిపించి, కారును లారీకెక్కించి చెన్నై దగ్గరి ట్రాకుకు తీసుకెళ్లాం.

హెల్మెట్ పెట్టుకుని నేను స్టీరింగ్ పట్టాను. సత్తిబాబు గారు పక్కన కూర్చున్నారు. మొదటి రౌండు హాయిగా సాగింది. రెండో రౌండులో స్పీడు నూట ఇరవై దాటింది. మలుపు దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. పెడల్ పైకి రాలేదు, కారు నెమ్మదించలేదు.

“క్లచ్ తొక్కెయ్యండి మేడమ్ గారూ, క్లచ్” అని అరిచారాయన.

క్లచ్చూ బ్రేకూ కలిపి తొక్కాను. కారు ట్రాక్ దాటి ఇసుకలోకి దూసుకెళ్లి, టైర్ల గోడకు బారెడు దూరంలో ఆగింది.

పాత పెడల్ నుంచి కొత్త ఇంజిన్‌కు వేసిన కేబుల్ ఇరుక్కుందట. సత్తిబాబు గారు బానెట్ ఎత్తి చూసి చెప్పిన మాట అది. “తప్పు నాదేనండి. ఇంటికెళ్లిపోదామండి” అన్నారు.

“కేబుల్ బాగుచెయ్యగలరా?” అనడిగాను.

“ఆయ్. గంట పడద్దండి.”

“అయితే చెయ్యండి. సాయంత్రం దాకా టైముంది.”

మళ్లీ బయల్దేరినప్పుడు ఆయన కూడా పక్కనెక్కారు. ఆ రోజు ఇంకో పదకొండు రౌండ్లు తిరిగాం. భయం పోయిందని చెప్పను, ఆ మలుపు వచ్చిన ప్రతిసారీ కాలు ముందే క్లచ్ మీదికి పోయింది. కానీ నాలో ఇంత హుషారు ఉందని నాకు తెలిసింది ఆ రోజే.