గొలుసులు బిగించిన తాతయ్య, సగమే చదివిన నేను

నా చిన్నప్పుడు ఒక్క పేజీ కూడా నేను కుదురుగా చదివి ఎరగను. కాలు ఆడిస్తూ, సగంలోనే చివరికి ఉరికేదాన్ని. భివండీలోని నార్పోలిలో మా ఇంటికి అటూ ఇటూ సాంచల, అంటే మరమగ్గాల, కార్ఖానాలే. పగలంతా బట్ట నేసే ఆ చప్పుడే నన్ను కుదురుగా ఉండనివ్వదని అమ్మతో వాదించేదాన్ని. తప్పు సాంచల మీదికి తోసేస్తే నాకు హాయిగా ఉండేది.

మా తాతయ్య ఆ సాంచలను బాగుచేసే జాబరు. ఏ సాంచ మొరాయించినా ఆయన ముందు చెయ్యి పెట్టి కదిపి చూసేవాడు. ఏది ఆడుతుంటే దాన్ని బిగించేవాడు. పదింట తొమ్మిదిసార్లు సాంచ నడిచేది, అందుకే ఆ వీధిలో ఆయన మాటకు తిరుగులేదు.

తొంభైల చివర్లో మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, సాంచ నడిపి నడిపి విసిగిపోయాడు. సొంతూరికి వెళ్లి కిరాయికి దున్ని బతుకుతానని భివండీలోనే ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. అన్నాళ్లూ నీళ్ల ట్యాంకరు లాగిన బండి అది, నాగలి ముఖం చూసి ఎరగదు. నాగలిని ఎత్తి దించడానికి వెనక రెండు ఇనుప చేతులుంటాయి. అవి పక్కలకు మరీ ఊగకుండా గొలుసులు కట్టాలి. "ఊగుడేంది, నేను బిగిస్త గద" అని తాతయ్య నాగలిని నేలకు దించి, గొలుసులను వేలెడంత కూడా కదలనంత గట్టిగా బిగించాడు. చిన్నాయన నాగలిని పైకి లేపాడో లేదో, ఒక గొలుసు ఫట్‌మని తెగింది. కొత్తది తెచ్చి తాతయ్య ఇంకా గట్టిగా బిగించాడు. అదీ తెగింది.

మర్నాడు పొద్దున్నే బండిని ఎక్కించుకుపోవడానికి లారీ వస్తుంది. ఊళ్లో వానలు పడ్డాయని అప్పటికే కబురు అందింది. చిన్నాయన బండి చుట్టూ తిరిగి తిరిగి చివరికి పానా కింద పడేశాడు. "నాతోని కాదు బాపు. బండి అమ్మేస్త, మల్ల సాంచ మీదికే పోత" అన్నాడు. చిన్నమ్మ కట్టిన మూటలు విప్పబోయింది. నాకు ఏడుపొచ్చింది.

తాతయ్య నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. షోరూములో ఆ బండి మరమ్మతు పుస్తకం ధర అడిగి, విన్న వెంటనే బయటికొచ్చాడు. అక్కణ్ణుంచి శాంతి నగర్‌లో పాత కాగితాలు తూకానికి అమ్మే దుకాణానికి వెళ్లాం. "ఢూండ్ లో చాచా, కిలో కే భావ్ సే దూంగా" అన్నాడు దుకాణమాయన. వెతుక్కుంటే కిలో లెక్కన ఇస్తాడట. దుమ్ములో ఎంతసేపు వెతికామో తెలియదు. నేను పదిసార్లు ఇంటికి పోదామన్నాను. చివరికి అట్ట చిరిగిన మరాఠీ పుస్తకం ఒకటి దొరికింది. లోపలి బొమ్మలు మా బండివే.

తాతయ్యకు మరాఠీ చదవడం రాదు. నేను చదివేది మరాఠీ బడిలోనే. గొలుసుల పేజీ దొరకగానే కళ్లు పరిగెత్తించి, "గట్టిగ ఉండాల్నట తాతా, నువ్వు చేసిందే కరెక్టు" అని పుస్తకం మూసేశాను. తాతయ్య సంబరపడతాడనుకున్నాను. ఆయన నా చేతిలోని పుస్తకం మీద వేలితో తట్టాడు.

"ఇంకోసారి చదువు బిడ్డా. రెండు గొలుసులు తెంపినోన్ని నేను. నేననుకున్నదే బుక్కుల గూడ ఉన్నదంటే నాకు అనుమానమైతున్నది."

విసుక్కుంటూ మళ్లీ తెరిచాను. ఈసారి ఆయన ఒక్కో మాట కింద వేలు పెట్టించాడు. వాక్యం నేను ఆపినచోట అయిపోలేదు. నాగలి పైకి లేచినప్పుడు గొలుసులు గట్టిగా ఉండాలి, నేలకు దిగినప్పుడు మాత్రం నాగలి రెండు పక్కలకూ కొంచెం ఆడాలి అని ఉంది. అంటే కింద ఉన్నప్పుడే బిగించేస్తే, పైకి లేచేకొద్దీ అవి ఇంకా బిగుసుకుని తెగుతాయన్నమాట. తిడతాడనుకున్నాను. "గట్లనా!" అని మాత్రం అని, పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

సాయంత్రం వీధంతా చూస్తుండగా, తాను బిగించిన గొలుసులను తానే వదులు చేశాడు. "ఏంది జాబరు, నువ్వు వదులు చేసుడా?" అని ఎవరో నవ్వితే ఆయనా నవ్వాడు. వెనక ఖాళీ జాగాలో చిన్నాయన నాగలిని ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. గొలుసులు ఆగాయి. మట్టిలో తిన్నగా చాళ్లు పడ్డాయి. ఇదెట్ల తెలిసిందని చిన్నాయన అడిగితే, "పిల్ల చదివి చెప్పింది" అన్నాడు తాతయ్య. నా వైపు చూడను కూడా చూడలేదు. మర్నాడు లారీ కదిలింది.

ఇప్పుడు నా తలలోనూ తెల్లవెంట్రుకలున్నాయి. నా కుదురులేనితనం ఎక్కడికీ పోలేదు. కానీ నాకు నచ్చిన మాట ఏ కాగితంలో కనిపించినా, వేలు పెట్టి మళ్లీ మొదటినుంచి చదువుతాను. చిన్నాయన తిరిగి సాంచ ముట్టలేదు. ఏ పెళ్లిలో కలిసినా నన్ను పదిమంది ముందు నిలబెట్టి, "గీ పిల్ల చదువే నన్ను ఊరికి పంపింది" అంటాడు. ఆ పిల్ల మొదట చదివి చెప్పింది తాను నమ్మి ఉంటే చిన్నాయన ఇంకా నార్పోలిలోనే ఉండేవాడని తాతయ్య ఎవరికీ చెప్పలేదు. నాకూ ఇంతవరకు నోరు రాలేదు.