వాసన చూసి తాగే పాప

చిన్నప్పుడే బడి మానేశాను కానీ నోరు మాత్రం ఊరుకోలేదు. అమీర్‌పేటలో బస్సెక్కితే పంజాగుట్ట వచ్చేలోపు ఎవరినో ఒకరిని నవ్వించాల్సిందే. ఆ రోజు ఎదురు సీట్లో తల్లి ఒడిలో కూర్చున్న నాలుగేళ్ల పాప "దూప, దూప" అని దాహంతో ఏడుస్తుంటే నా నీళ్ల సీసా ఇచ్చాను. పాప మూత తీసి, తాగకుండా ముందు వాసన చూసింది.

"ఏం మేడమ్, కల్లు గిట్ల పోసి ఇచ్చిన్నా?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తల్లి నవ్వలేదు.

"మా నల్లా నీళ్లల్ల మోరీల మురికి నీళ్లు కలుస్తున్నయన్నా. వాసన చూసినంకనే తాగుమని నేనే నేర్పిన," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ముందుగాల నాకే తెల్వలే. గా నీళ్లే దీని తమ్ముని పాలల్ల కలిపిన. మోషన్లు పట్టుకున్నయి. పోయిండు."



పాప సగం తాగి మూత బిగించింది.

"మొత్తం నీకే బిడ్డా, తాగు," అన్నాను.

"సగం తమ్మునికి," అంది పాప.

తల్లి సీసా తీసుకుని మళ్లీ మూత తీసింది.

"తమ్మునికి ఇంక దూప కాదు బిడ్డా. నువ్వే తాగు."