ఎడమ కాలు

మేస్త్రి వేలు పెట్టి చూపించాడంటే బండికి రోగం అక్కడే ఉంటుందని షెడ్డులో అందరి నమ్మకం. ఏ మాటా చెప్పేముందు గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకోవడం అతని అలవాటు. ఒక జంట మంచమూ పొయ్యీ అమర్చుకుని ఊళ్లు తిరిగే వ్యానుకి వేరే ఇంజను ఎక్కించింది అతనే. నెల కిందట ఆ దంపతులు క్లచ్ జారుతోందని తెస్తే, బండి ఎక్కి చూడకుండానే, "అమ్మగారు క్లచ్ మీంచి కాలు తియ్యరు, అంతే!" అని నలుగురిలో నవ్వేశాడు. భర్త కూడా నవ్వాడు.

ఇవాళ ఆవిడ నడుపుతుంటే మేస్త్రి పక్కన కూర్చున్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు చించుకుంటోంది గానీ బండి వేగం అందుకోవడం లేదు. అతను కిందికి చూశాడు. గేరు మార్చిన ప్రతిసారీ ఆవిడ ఎడమ కాలిని, దెబ్బలు తిన్న పిల్లలాగా, సీటు కిందికి ముడుచుకుంటోంది. షెడ్డుకొచ్చి గేరుబాక్సు దించితే క్లచ్ ప్లేటు నూనెలో నానిపోయి ఉంది. ఇంజను మార్చిననాడు 'ఇంకొన్నాళ్లు ఆగుతుందిలే' అని తను మార్చకుండా వదిలేసిన, ఇంజను నూనెని ఆపే పాత సీలు కారుతోంది. "నా కాలేనా, మేస్త్రీ?" అంది ఆవిడ. తుడిచిన వేళ్లనే మళ్లీ తుడుచుకుంటూ, ప్లేటుతో చెబుతున్నట్టు, "కాదమ్మా, తప్పు నాదే" అని గొణిగాడు. "ఆ రోజు గట్టిగా అన్నారుగా," అంది ఆవిడ.