మౌనిక పేరు ముందు నేను వేసిన మాట

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది.

"మౌనిక పోయింది కొడుకా" అన్నాడు చిన్నాయన.

ఒక చేత్తో షట్టర్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పక్కన టీ కొట్టాయన వచ్చి నన్ను కూర్చోబెట్టాడు.

మౌనిక మా చిన్నాయన కూతురు. నా చెల్లెలు. ఇరవై ఆరేళ్లు. డెంగీ.

మీలో చాలామందికి తను "డాక్టరమ్మ"గానే తెలుసు. నిజానికి తను డాక్టర్ కాదు. ఆ పేరు అంటించింది నేను. అందుకే ఇది రాస్తున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

షామీర్‌పేటలో నాది ఫ్లెక్సీల షాపు. ఎనిమిదేళ్ల కిందట మౌనిక ఇంటర్ రిజల్ట్ వచ్చింది. గవర్నమెంట్ కాలేజీ, బైపీసీ, వెయ్యికి తొమ్మిది వందల ఎనభై ఒకటి. చెరువులో చేపలు పట్టుకుని బతికే మా ఇళ్లలో అన్ని మార్కులు ఎవరూ చూడలేదు. ఇంకేముంది, మెడిసిన్ సీటు వచ్చేసినట్టే అనుకున్నాం.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అదే రోజు ఫ్లెక్సీ డిజైన్ చేశాను.

ఎవరిదో ఫొటోలోంచి స్టెతస్కోప్ కట్ చేసి తన మెడలో వేశాను. మొదట "కాబోయే డాక్టర్ మౌనిక" అని టైప్ చేశాను. లైన్ పొడుగై అక్షరాలు చిన్నగా వస్తున్నాయి. "కాబోయే" తీసేశాను.

తను షాపుకొచ్చి స్క్రీన్ మీద చూసింది.

"అన్నా, గట్ల వెయ్యకు. ఇంటర్ మార్కులు జూసి సీటియ్యరు. నీట్ల ర్యాంకు రావాలె."

"తొమ్మిదొందల ఎనభై ఒకటి వచ్చినోళ్లకు గాకపోతే ఇంకెవలికిస్తరే?"

"గా పరీక్షే ఏరే అన్నా. జెర ఆగు."

నేను నవ్వి ప్రింట్ కొట్టేశాను.

తను చెప్పిందే నిజమైంది. నీట్ రాసింది, సీటు రాలేదు. ఏడాదంతా లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని మళ్లీ రాసింది. ఈసారి కొద్దిలో తప్పిపోయింది. ఆ తొమ్మిది వందల ఎనభై ఒకటి గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఫ్లెక్సీ మాత్రం పోలేదు. వానకు తాళ్లు తెగి కింద పడితే చిన్నాయన ఇంటికి తెచ్చుకుని, వాకిట్లో వలల మీద కప్పాడు. బొమ్మ పైకి కనబడేలా. పొద్దున మౌనిక దాన్ని తిరగేసేది. సాయంత్రం చిన్నాయన మళ్లీ తిప్పేవాడు. "బిడ్డ మొకం కిందికి వెడ్తరా ఎవలన్న?" అని నాతో అన్నాడొకసారి. కొన్నాళ్లకు తనే తిరగేయడం మానేసింది.

తర్వాత డిగ్రీ చదివి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసింది. జీడిమెట్లలో మందుల కంపెనీలో, ల్యాబ్‌లో ఉద్యోగం. గోళీలో ఉండాల్సింది ఉండాల్సినంతే ఉందా అని టెస్ట్ చేసే పని. దాని గురించి అడిగితే చాలు, గంటసేపు చెప్పేది.

ఎమ్మెస్సీ పాసైనప్పుడు నేను ఫ్లెక్సీ వేయలేదు. ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. మెషీన్ నాదే, మెటీరియల్ నాదే.

ఊళ్లో మాత్రం తను డాక్టరమ్మే. ముసలివాళ్లు బీపీ గోళీలు పట్టుకుని వచ్చేవాళ్లు. "నేను డాక్టర్ను గాదవ్వా, దవాఖానకు పో" అని ఓపిగ్గా పంపేది.

పోయిన ఆదివారం ఏదో పని మీద తనకు ఫోన్ చేశాను.

"అన్నా, మూడొద్దుల సంది జరం. ఒళ్లంత నొస్తాంది."

నేనేమన్నానో తెలుసా?

"డాక్టర్‌వి నువ్వు. నాకు చెప్తున్నవేందే?"

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత నవ్వింది.

ఇంట్లోవాళ్లూ అంతే. మన డాక్టరమ్మకు తెలియదా అనుకున్నారు. తనేమో వైరల్ అనుకుని జ్వరం గోళీలు వేసుకుంది. ఐదో రోజు కళ్లు తిరిగి పడిపోతే మేడ్చల్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. "ఇన్ని రోజులు ఏం చేశారు?" అని అడిగింది అక్కడి డాక్టర్. అది డెంగీ అని మాకు అప్పుడే తెలిసింది.

నిన్నటి నుంచి నాకు తన నవ్వు వినబడటం లేదు. నవ్వే ముందు ఆగిన ఆ కాసేపే వినబడుతోంది. ప్రింటర్ ఆన్ చేసినా పోవడం లేదు. అప్పుడు ఏమనబోయి ఆగిపోయిందో నాకు ఎప్పటికీ తెలియదు.

నిన్న సాయంత్రం దహనం అయ్యాక చిన్నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫ్లెక్సీ కొట్టు కొడుకా. పేరు ముందల డాక్టర్ అని పెద్దగ వెయ్యి."

సరేనని షాపుకొచ్చాను. ఫొటో పెట్టాను. ఆ మాట మాత్రం చేతికి రాలేదు. చివరికి ఆయనకే ఫోన్ చేశాను.

"చిన్నాయినా, దానికి గా మాట ఇష్టం లేకుండె. వద్దని నాతోటి చెప్పింది. నేనే ఇనలె."



"నాతోటి ఎన్నడు అనలె కొడుకా. డాక్టరమ్మా అంటె పలికేది."

తర్వాత ఆయనే అడిగాడు.

"మరి ఏం సదివిందో గదే వెయ్యి. ఏమంటరు దాన్ని?"

"ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, చిన్నాయినా."

"ఎమ్మెస్సీ... కెమిస్ట్రీ" అన్నాడు. మళ్లీ ఒకసారి, నేర్చుకుంటున్నట్టు, మెల్లగా అన్నాడు.

చెల్లే, ఇప్పుడే ప్రింట్ తీశాను. నీ పేరు, నీ చదువు, అంతే. ఇంకే మాటా కలపలేదు.

ఇగ ఎవ్వలు నిన్ను గోళీల ముచ్చట అడగరు. నిమ్మళంగ పండుకో తల్లీ.