ముడుపు విప్పమని రాశాను

చైనాతో యుద్ధం ఆగిన మరుసటి వేసవి. మే ఇరవైమూడు, మధ్యాహ్నం రెండు గంటలకు లడఖ్‌లోని మా పోస్టుకు చేరాను. ఎత్తు పదిహేను వేల అడుగులు. రాళ్లు, గాలి. చెట్టన్నది లేదు. నా వెంట రెండు కంబళ్లు, ఉన్ని కోటు, టెలిఫోను తీగ కలిపే పనిముట్లు, రైఫిలు. నేను సిగ్నల్ హవల్దారుని. మొత్తం పన్నెండు మందిమి. ఎదుటి గట్టు మీద చైనావాళ్ల పోస్టు. కాల్పులు ఆగాయి. మళ్లీ మొదలుకావని మాకెవరూ చెప్పలేదు.

కొండ ఎక్కేముందు పఠాన్‌కోట్‌లో మూడు వందల రూపాయలు జమ్మలమడుగుకు మనియార్డరు చేశాను. మా అమ్మాయి కమల అనంతపురం కాలేజీలో పి.యు.సి.లో చేరాలి. ఫీజుకూ హాస్టలుకూ జూలై పది ఆఖరు తేదీ. ఆలోగా చేరకపోతే పెళ్లి చేసేస్తానని మా మామగారు ముందే చెప్పారు. అది రెండేళ్లు మిగిల్చిన డబ్బు. ఇంకో మూడు వందలు నాకు పుట్టవు.

జూన్ పద్దెనిమిదిన కంచర గాడిదల మీద టపా వచ్చింది. అందులో నా భార్య రుక్మిణి ఉత్తరం.

"పెద్దముడియంలో ఒకరింటికి తంతి వచ్చింది. వాళ్ల పిల్లోడు యాడో మంచులో పోయినాడంట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మీరు పంపిన దుడ్లన్నీ పసుపు గుడ్డలో ముడుపు కట్టి స్వామి పటం ముందర పెట్టినా. మీరు క్షేమంగా వచ్చినాక తిరుపతి పోయి హుండీలో వేద్దాం. కమల చదువు ఆయనే చూసుకుంటాడు."

ముడుపు కట్టిన సొమ్ము దేవుడిది. మొక్కు తీరకముందే విప్పితే మొక్కు పోయినట్టే. అది నా ప్రాణానికి కట్టిన ముడుపు.

మా వంటవాడిది పులివెందుల. రొట్టెల పిండి కలుపుతూ నన్నే చూస్తున్నాడు.

"ఏంది మామా, పొద్దున్నుంచి ఆ కాగితం నలుపుతాండావు?"

చెప్పాను.

"దేవునికిచ్చినవి యెనక్కి అడుగుతావా? అదీ ఈడ కూచొనా? నీకు శానా ధైర్యమప్పా."

"మరి పాప చదువు?"

అతను పిండి వైపు చూశాడు. "నన్నడగొద్దు. నేను మూడో తరగతిలోనే బడి మానేసినా."

టపా తిరిగి కిందికి పోయేలోగా రాశాను. "ముడుపు విప్పు. కమలను చేర్పించు. నా సంగతి స్వామికి తెలుసు." చివరి మాట మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. చలి అన్నాను.

"చలికి ఆ ఒక్క మాటే తప్పుపోతాదా మామా?" అన్నాడు వంటవాడు.

ఆ రోజు నుంచి నేను భయస్థుణ్ణి. అంతకుముందు కూడా భయం ఉండేది కానీ, దాన్ని స్వామి దగ్గర దించుకునేవాణ్ణి.

జూలై నాలుగు, సాయంత్రం నాలుగింటికి టెలిఫోను తీగ తెగింది. పోస్టుకు ఎనిమిది వందల గజాల కింద తెగిన కొస దొరికింది. తల ఎత్తితే ఎదుటి గట్టు మీద ఆరుగురు నిలబడి నన్నే చూస్తున్నారు. దాక్కోవడానికి బండ కూడా లేదు. వేళ్లు వంగలేదు. అలవాటుగా స్వామి పేరు నోటికి వచ్చింది. వెంటనే ఆగిపోయాను. ఆయన దగ్గర ఉన్నది నేనే తీయించాను కదా. ఏ మొహంతో అడగను?

తీగ కలపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వెంట తెచ్చిన ఫోను తీగకు తగిలించాను.

"ఏమైంది?" పోస్టు నుంచి మా సుబేదారు గొంతు.

"తీగ కలిసింది సార్. ఎదురుగా ఆరుగురు ఉన్నారు."

"పరుగెత్తొద్దు. మామూలుగా నడిచి రా."

నడిచాను. వీపు మీద ఆరు జతల కళ్లు. ఎవరూ కాల్చలేదు.

ఆగస్టులో జవాబు వచ్చింది. "విప్పినా. కమల చేరింది. మీరేం భయపడొద్దు. స్వామికి వేరే మాట ఇచ్చినా." ఆ మాట ఏమిటని మూడు ఉత్తరాల్లో అడిగాను. మూడింటికీ వానల గురించి రాసింది.

మరుసటి మే నెలలో కిందికి దించారు. పొద్దున తొమ్మిదింటికి ముద్దనూరు స్టేషనులో రైలు దిగాను. కమల కనిపించింది. పొడుగైంది, చేతిలో పుస్తకం. పక్కన ఎవరో పెద్దావిడ. తల నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి, చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారాయి. హాస్టలు నుంచి పిల్లకు తోడు వచ్చిందేమో అనుకున్నాను. సంచి కింద పెట్టి ఆమెకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాను.

"నాకు నమస్కారం పెడతాండారేందండీ!" అని ఆమె నవ్వింది.

గొంతు రుక్మిణిది.

"నువ్వొచ్చేదాకా ఒంటిపూట తింటానని మొక్కుకుంది నాయనా," అంది కమల. "అదీ ఉప్పు లేకుండా. నాక్కూడా సెలవుల్లోనే తెలిసింది."

కమల తర్వాత టీచరైంది. రుక్మిణి పోయి చాలా ఏళ్లయింది. ఆ గట్టు మీది ఆరుగురి మొహాలు ఇప్పుడు గుర్తు లేవు. ఆ ప్లాట్‌ఫారం మీద జోడించిన చేతులు దించడం తెలియక నేను నిలబడి ఉండడం, ఎదురుగా ఆమె నవ్వుతుండడం మాత్రం రోజూ కనిపిస్తుంది.